గుండెకీ ఓ ఏటిగట్టు

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి మూడు అంకెలు ఎవరూ నేర్పక్కర్లేదు. 10, 13, 17. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకి రెండోది. 17 లక్షలకి మూడోది. పైన భద్రాచలంలో అదే లెక్క అడుగుల్లో ఉంటుంది: 43, 48, 53. జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ స్కోరు అడిగినట్టే అడుగుతారు. "ఇప్పుడెంత? పెరుగుతోందా, నిలకడగా ఉందా?"

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. భయానికి ఇక్కడ ఒక కొలత ఉంది. మొదటి హెచ్చరిక వినగానే లంకల్లో పశువుల్ని గట్టెక్కించడం మొదలవుతుంది. రెండోదానికి కాజ్‌వేలు మునిగి, రాకపోకలన్నీ పడవల మీదే. మూడోది వస్తే పెద్దవాళ్లనీ, పిల్లల్నీ ముందు పునరావాస కేంద్రాలకి పంపేస్తారు. అందరికీ భయమే. కానీ ఆ భయానికి మెట్లున్నాయి, ప్రతి మెట్టు దగ్గరా చెయ్యాల్సిన పని ఒకటుంది.

మన గుండెకి మాత్రం ఇలాంటి స్కేలు లేదు. మేనేజర్ నుంచి "ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి" అని మెసేజ్ వస్తే చాలు, సున్నా నుంచి నేరుగా 17 లక్షలకి వెళ్లిపోతాం. రాత్రి పదకొండు దాటాక ఇంటి నంబరు నుంచి ఫోన్ మోగినా అంతే. నాన్న స్కాన్ రిపోర్టు రేపు వస్తుందంటే, ఈ రాత్రంతా గూగుల్‌లో రోగాలన్నీ చదివి, లేనివి కూడా తెచ్చుకుంటాం.

ఇలాంటప్పుడు పెద్దవాళ్లు రెండు మాటలు చెప్తారు. ఒకటి, "మనసుని కాపాడుకో." రెండు, "దేవుడి మీద భారం వెయ్యి." రెండూ మంచి మాటలే. కానీ ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పరు. మనసుని కాపాడుకోవడం అంటే ఏం చెయ్యాలి? భారం వెయ్యడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా? నాకు వీటికి జవాబు దొరికింది ఏ మోటివేషన్ వీడియోలోనో కాదు. ఏటిగట్టు మీద.

చెప్పేవాడు గట్టు మీద ఉన్నాడా?

2022 జూలై వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక, మళ్లీ అంత ఎత్తు చూడటం అదే. ధవళేశ్వరం దగ్గర దాదాపు 26 లక్షల క్యూసెక్కులు. అంటే మూడో హెచ్చరిక గీత దాటి ఇంకో తొమ్మిది లక్షలు. మామూలుగా పెద్ద వరదలు ఆగస్టులో వస్తాయి కాబట్టి, జూలైలోనే ఇంత నీరు చూసేసరికి పెద్దవాళ్లకి కూడా కాళ్లూ చేతులూ ఆడలేదు. 1986లో గట్లు తెగిన సంగతి గుర్తున్న తరం వాళ్లు.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మా అమ్మమ్మ వాళ్ల ఊరు వశిష్ట గోదావరి గట్టు కింద. గట్టు ఎక్కితే ఏరు, దిగితే ఇళ్లు. అమ్మ కూడా అప్పుడు అక్కడే ఉంది. రాత్రి ఒంటిగంట దాటాక కజిన్స్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పడింది. "గట్టు తెగిపోయిందంట, ఎవరికి వాళ్లు పారిపోండి" అని. ఆ గొంతు ఎవరిదో తెలీదు. ఏ ఊరి గట్టో చెప్పలేదు. ఎన్నింటికి తెగిందో చెప్పలేదు. పది నిమిషాల్లో అదే మెసేజ్ నాలుగు చోట్ల నుంచి వచ్చింది.

మావయ్యకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

"మావయ్యా, గట్టు తెగిందంట కదా?"

"ఏ గట్టురా?"

"మన గట్టే అంటున్నారు."

"నేను దాని మీదే నుంచున్నాను కదరా అబ్బాయ్. తెగితే నీతో మాట్లాడేవాణ్ణా?"

వెనకాల మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో ఇసుక బస్తాలు ఇటు తెమ్మని అరుస్తున్నారు. వాన చప్పుడు. ఆ ఒక్క మాటతో నా గుండె కొంచెం కిందకి దిగింది. పూర్తిగా కాదు, ఎందుకంటే వరద అలాగే ఉంది. కానీ లేని గండి ఒకటి పూడింది.

ఆ మెసేజ్ పెట్టింది ఎవరో గానీ, ఆ మనిషి గట్టు మీద లేడు. ఆ రోజు నుంచి నాకు ఇది ఒక ఫిల్టర్ అయిపోయింది. భయపెట్టే వార్త ఏది వచ్చినా మొదటి ప్రశ్న ఇదే: చెప్పేవాడు గట్టు మీద ఉన్నాడా? ఆ చీకట్లో, ఆ వానలో ముసలివాళ్లనీ పిల్లల్నీ వెంటేసుకుని ఊరంతా పరుగు తీసి ఉంటే, నీళ్లు రాకుండానే ప్రాణాలు పోయేవి. వరద కన్నా పుకారు వేగం ఎక్కువ. భద్రాచలంలో చూసిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజు మనకి సర్దుకోవడానికి ఇచ్చిన టైం. ఫోన్‌లో వచ్చే భయం మాత్రం ఆ టైం ఇవ్వదు.

తేట నీరు, బురద నీరు

వరద తగ్గాక ఊరెళ్లినప్పుడు మావయ్య నన్ను గట్టు మీద నడిపించి, కాపలా ఎలా కాస్తారో చూపించాడు. నేను అప్పటిదాకా అనుకున్నది, గట్టు మీద కాపలా అంటే ఏరు వైపు చూస్తూ నీరెంత పెరిగిందో లెక్కపెట్టడమని. కాదట. ఎక్కువసేపు చూడాల్సింది ఊరు వైపు. గట్టు అడుగున, పొలం కలిసే చోట. టార్చి వేసుకుని, చెప్పులు విడిచి నడుస్తారు. నేల మెత్తబడితే పాదానికి ముందు తెలుస్తుందని.

అక్కడ నీరు ఊరుతుంటే వెంటనే కంగారు పడరు. మట్టిగట్టు కాబట్టి అంత వరదలో కొంచెం ఊట రావడం మామూలే. వాళ్లు చూసేది నీటి రంగు. ఊట తేటగా ఉంటే పర్వాలేదు, గమనిస్తూ ఉండాలి. బురదగా వస్తే మాత్రం ప్రమాదం. అంటే ఆ నీరు లోపల నుంచి మట్టిని మోసుకొస్తోంది. గట్టు లోపల సొరంగం పడుతోంది. పైకి ఏమీ కనిపించదు. కాసేపటికి కూలుతుంది.

నేను ఇంజినీరింగ్ చదివాను గానీ, భయం గురించి ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు.

భయం రావడం తప్పు కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఏడుపు వస్తుంది. ఉద్యోగం పోతుందేమో అంటే నిద్ర పట్టదు. దేవుడి ముందు కూర్చుని "నాకు భయంగా ఉంది సామీ" అని చెప్పుకుంటాం. ఇదంతా తేట ఊట. ఒత్తిడి ఎక్కువైంది, కాస్త బయటికి వస్తోంది, అంతే. నమ్మకం ఉన్నవాడికి భయం ఉండకూడదు అనేవాళ్ల మాట పట్టించుకోకండి. మట్టిగట్టుకి ఊట ఉంటుంది.

చూసుకోవాల్సింది భయం మనలోంచి ఏమైనా మోసుకుపోతోందా అని. ఉద్యోగం పోతుందన్న భయంతో పక్క సీటువాడి మీద లేనిపోనివి చెప్పడం మొదలెట్టామా? డబ్బు భయంతో చెల్లెలి చదువు ఫీజు దగ్గర అబద్ధం ఆడామా? ఎవరో మన మీదకి వచ్చేస్తున్నారన్న భయంతో, నిన్నటిదాకా కలిసి టీ తాగిన మనిషి కులం, మతం వెతుకుతున్నామా? అప్పుడు నీరు బురదగా వస్తోంది. లోపలి మట్టి పోతోంది.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. అదే 2022లో, వరదకి రెండు నెలల ముందు, మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద రేగిన గొడవ ఇళ్లకి నిప్పు పెట్టేదాకా వెళ్లింది. పుకార్లు పాకకుండా కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్న నాలాంటి ఐటీ వాళ్లు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకి పరిగెత్తారు. లోపల కాపలా లేనప్పుడు బయట నుంచి తాళం పడుతుంది. ఆ తాళం అందరికీ పడుతుంది, ఏమీ చెయ్యనివాడికి కూడా. గుండెని కాపాడుకోవడం అనేది ఒక్కడి సొంత గొడవ కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఒక గట్టు తెగితే మునిగేది ఒక్క ఇల్లు కాదు.

మూత వెయ్యకూడదు

ఇంకో విషయం కూడా మావయ్య చెప్పాడు. బురద ఊట కనిపించగానే కొత్తవాళ్లు చేసే పని, గుడ్డలో మట్టో కుక్కి దాన్ని మూసెయ్యడం. అలా చేస్తే ఆ నీరు ఆగదు. పక్కన ఇంకో చోట పొడుచుకొస్తుంది, ఈసారి ఇంకా జోరుగా. తెలిసినవాళ్లు దాన్ని మూయరు. దాని చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చి చిన్న బావిలా కడతారు. ఊరిన నీరు అందులో నిలుస్తుంది. ఆ నిలిచిన నీటి బరువే లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది. మట్టి రావడం ఆగి, ఊట తేటపడుతుంది.

మన ఇళ్లల్లో భయానికి మూత వెయ్యడం బాగా అలవాటు. "ఏడవకు, మగాడివి." "దేవుడున్నాడు, అలా అనకూడదు." "పాజిటివ్‌గా ఉండు బాస్." చెప్పేవాళ్లు ప్రేమతోనే చెప్తారు. కానీ అది గుడ్డ కుక్కడమే. అది కోపంగానో, తాగుడుగానో, పెళ్లాం పిల్లల మీద అరుపులుగానో ఇంకో చోట బయటపడుతుంది.

కావాల్సింది బస్తాల వలయం. నలుగురు మనుషులు. ఏమీ సలహా ఇవ్వకుండా పక్కన కూర్చునే ఒక ఫ్రెండు. రోజూ ఒక టైంకి చేసే ప్రార్థనో, పూజో, నమాజో. ఉదయం నడక. ఇవేవీ భయాన్ని చంపవు. భయం కొట్టుకుపోకుండా, కొట్టుకుపోనివ్వకుండా చుట్టూ నిలబడతాయి.

ఆ బస్తాలు వరద రోజున వెతికితే దొరకవు. ఎండాకాలంలోనే ఏటిగట్టుకి ఎలుక బొరియలూ ఎండ్రకాయ బొరియలూ వెతికి పూడుస్తారు. ఎండలో చూస్తే అది పెద్ద పనిలా అనిపించదు. వేలు పట్టేంత కన్నం. వరద వచ్చాక అదే గండి. మనసుకీ అంతే. అన్నీ బాగున్న రోజుల్లో ఇంటికి ఫోన్ చెయ్యనివాడికి, కష్టం వచ్చినప్పుడు ఎవరికి చెయ్యాలో తోచదు. అన్నీ బాగున్నప్పుడు ఒక్కసారైనా దణ్ణం పెట్టనివాడికి, భయంలో దేవుడితో మాట కలపడం కష్టం. కుదరదని కాదు. అలవాటు లేని దారి చీకట్లో వెతుక్కోవాలి కదా.

గేట్లు ఎత్తేస్తారు

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరద వస్తే వాటిని ఏం చేస్తారో తెలుసా? మొత్తం ఎత్తేస్తారు. చాలామంది బ్యారేజీ వరదని ఆపుతుందనుకుంటారు. ఆపలేదు. మూడు టీఎంసీలు కూడా పట్టని చోట 25 లక్షల క్యూసెక్కులని ఎవరూ ఆపలేరు. వచ్చిన నీటిని వచ్చినట్టే సముద్రానికి వదిలెయ్యడమే పని. గట్లు మాత్రం అది పక్కకి పోకుండా చూస్తాయి.

మనం చేసేది దీనికి తిరగబడి ఉంటుంది. వచ్చిన ప్రతి భయాన్నీ నిల్వ చేస్తాం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాం. మళ్లీ మళ్లీ చూస్తాం. 2025 సెప్టెంబర్ 19 రాత్రి గుర్తుందా? హెచ్-1బి వీసాకి లక్ష డాలర్ల ఫీజు అని అమెరికా ప్రభుత్వం ప్రకటించిన రోజు. మా గోదావరి జిల్లాల్లో పిల్లో పిల్లాడో అమెరికాలో ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. ఆ శుక్రవారం రాత్రి, మనకి శనివారం, ఆ ఇళ్లన్నిట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇండియాకి బయల్దేరి విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు. పెళ్లికి ఇంటికొచ్చినవాళ్లు తాళిబొట్టు పసుపు ఆరకముందే టికెట్లు వెతుక్కున్నారు. కొన్ని కంపెనీలు 24 గంటల్లో తిరిగి రమ్మని మెయిల్ పెట్టాయి. మర్నాటికల్లా వైట్‌హౌస్ నుంచి వివరణ వచ్చింది: ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదు, ఏటేటా కట్టేది కాదు.

భయం అబద్ధమని నేను అనట్లేదు. కొత్తగా వెళ్లాలనుకున్నవాళ్లకి ఆ ఫీజు నిజంగానే పెద్ద దెబ్బ. నా ఫ్రెండు ఒకడు డాలస్‌లో ఉంటాడు. ఆ రాత్రి వాడు చేసిన పని నాకు నచ్చింది. ఆఫీసు లాయరు నుంచి మెయిల్ వచ్చేదాకా ఏ గ్రూపూ చూడనని ఫోన్ పక్కన పెట్టాడు. ఇంటికి ఒక్క మెసేజ్ పెట్టాడు: "నేను బాగానే ఉన్నాను, విషయం తెలిశాక చెప్తాను, మీరు పడుకోండి." తర్వాత వంట చేసుకున్నాడు. వాడికి భయం లేదా అంటే ఉంది. గేట్లెత్తి పంపించాడు. నిల్వ చెయ్యలేదు.

వంతు అయ్యాక నిద్ర

ఇక దేవుడి దగ్గరికి వద్దాం. నేను మావయ్యని అడిగిన అసలు ప్రశ్న ఇదే. ఆయన ఏటా అంతర్వేది తీర్థానికి వెళ్లకుండా ఉండడు. నరసింహస్వామి అంటే ప్రాణం. "మావయ్యా, స్వామి మీద అంత నమ్మకం ఉన్నవాడివి, మరి రాత్రంతా గట్టు మీద కాపలా ఎందుకు? ఆయనే చూసుకుంటాడు కదా?"

నవ్వాడు. "నమ్మకం ఉంది కాబట్టే నా వంతు అయ్యాక పడుకున్నానురా. లేనివాడైతే మూడు రోజులూ నిద్రపోకుండా గట్టు మీదే తిరిగి, నాలుగో రోజు అందులోనే పడేవాడు."

ఆ రాత్రుళ్లు వాళ్లు వంతులు వేసుకున్నారు. నాలుగేసి గంటలు. మావయ్య తర్వాత వంతు చర్చి పెద్దది. ఆయన గట్టెక్కేముందు ప్రార్థన చేసుకుని వచ్చేవాడట. మా అత్తయ్య తెల్లారగానే గోదారమ్మకి పసుపు, కుంకుమ వేసి దణ్ణం పెట్టేది. ఏ దణ్ణం ఎటు వెళ్లిందో నాకు తెలీదు. బస్తాలు మాత్రం అందరూ కలిసే మోశారు. హృదయాన్ని కాపాడుకోమన్న హితవు బైబిల్లో సామెతల గ్రంథంలో ఉందని ఆ చర్చి పెద్దే నాకు చెప్పారు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు చేతిలో టార్చి ఉంది. నాకు ఆ బొమ్మే గుర్తుండిపోయింది.

ఈ డెల్టా బతకడానికి కారణమైన కాటన్ దొర కూడా ఇలాంటి మనిషే. గట్టి దైవభక్తి ఉన్న క్రైస్తవుడు. దేవుడు చూసుకుంటాడని బంగళాలో కూర్చోలేదు. డెల్టా అంతా తిరిగి నేల వాలు కొలిచి, 1847లో పని మొదలుపెట్టి, 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పటికీ మా వైపు గోదావరి స్నానంలో ఆయన్ని తలుచుకునే పురోహితులున్నారు. కొలత చెయ్యడానికీ, మొక్కడానికీ ఈ నేల మీద ఎప్పుడూ గొడవ లేదు.

కానీ ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. తప్పించుకుంటే ఈ కాలమ్ రాయడం దండగ. గట్టు తెగితే? నమ్మినా, కాపలా కాసినా, తెగితే?

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీదకి తుపాను వచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం లాంటి చోట్ల నుంచి వేటకెళ్లిన మత్స్యకారులు చాలామంది మళ్లీ ఇల్లు చేరలేదు. తరాలుగా పెంచుకున్న కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. పోయినవాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లే ఉన్నారని ఎవరైనా అనగలరా? గంగమ్మకి మొక్కి పడవెక్కినవాళ్లు. ప్రార్థన చేసి పడుకున్నవాళ్లు. నమ్మకం ఇన్సూరెన్స్ పాలసీ అయితే, ఆ రాత్రి కంపెనీ దివాలా తీసినట్టే.

మా అమ్మమ్మ ఆ తుపాను చూసింది. ఇంటి కప్పు పోయింది, తోట పోయింది. దేవుడి మీద కోపం రాలేదా అని ఒకసారి అడిగాను. "వచ్చింది. వారం రోజులు దీపం పెట్టలేదు" అంది. "మరి మళ్లీ ఎందుకు పెట్టావు?" అంటే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "గాలి ఆపలేదు గానీ, మర్నాడు పక్కింటావిడ చేత గంజి పంపించాడు కదా. ఆవిడ ఇంటికీ కప్పు లేదు."

ఇంతకన్నా పెద్ద జవాబు నా దగ్గర లేదు. గట్టు తెగదని హామీ ఇచ్చే దేవుణ్ణి నేను చూడలేదు. తెగిన మర్నాడు ఒక గిన్నె గంజిలో ఉండే దేవుణ్ణి మాత్రం మా ఊళ్లో చాలామంది చూశారు. గుండెని కాపాడుకోమనడం ఇందుకేనేమో అనిపిస్తుంది. అంతా పోయినా, పక్కింటికి గంజి పంపే ఆ గుణం కొట్టుకుపోకూడదు. కాపాడుకోవాల్సిన మట్టి అదే.

ఈ రాత్రికి

చివరిగా, ఫోన్ చేతిలో ఉన్న మనకి పనికొచ్చే నాలుగు మాటలు.

మీ భయానికి కూడా మూడు హెచ్చరికలు పెట్టుకోండి. నిద్ర ఒకట్రెండు రాత్రులు చెడితే మొదటిది: గ్రూపులు మ్యూట్ చేసి, ఒక మనిషితో నోరు విప్పి మాట్లాడండి. తిండి, పని దెబ్బతింటే రెండోది: ఇంట్లో చెప్పండి, ఒంటరిగా రూంలో ఉండొద్దు. బతకాలనిపించడం లేదంటే మూడోది: అప్పుడు ఊరు ఖాళీ చేసినట్టే, ఆలస్యం లేకుండా సాయం తీసుకోవాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లడం నమ్మకం తక్కువై కాదు. మూడో హెచ్చరికకి పడవెక్కినవాణ్ణి ఎవరూ పిరికివాడనరు.

వరద, తుపాను వార్తలకి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ చెప్పేది చూడండి, లేదా గట్టు మీద ఉన్న మనిషికి ఫోన్ చెయ్యండి. ఊరు, పేరు, టైం లేని వాయిస్ మెసేజ్ మీ దగ్గరే ఆగిపోవాలి. ఆ ఒక్క పనితో మీరు కొన్ని వందల గుండెలకి గట్టు కట్టినట్టు.

అప్పుడు కూడా రాత్రి ఒంటిగంటకి కళ్లు మూతలు పడవు. తెలుసు. ఇంకోసారి చూద్దాం, ఇంకో అప్‌డేట్ వచ్చిందేమో అని వేలు దానంతట అదే స్క్రీన్ మీదకి వెళ్తుంది. ఆ వేలికి ఒక మాట చెప్పండి. ఈ రోజు చెయ్యాల్సిన ఫోన్లు చేశాను. కట్టాల్సిన బస్తాలు కట్టాను. చెప్పాల్సిన దణ్ణం చెప్పుకున్నాను. నా వంతు అయిపోయింది.

గట్టు మీద ఇప్పుడు ఇంకొకరున్నారు. పడుకోండి.